విప్పని రెండో చీటీ

ఈ మాట ఎవరికైనా చెప్పెయ్యాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. చెప్పలేక అలసిపోయాను. దాచడం కూడా ఒక చాకిరీయే. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చినట్టు, అంట్లు తోమినట్టు, రోజూ చెయ్యాల్సిందే. ఒక్కరోజు మానేస్తే బయటపడిపోతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. ఇది మా అక్క చెవిన పడితే నా నోటి నుంచే పడాలి. ఇన్నాళ్ళూ ఎందుకు పడలేదంటారా? అదే చెప్పబోతున్నాను.

వింటే మీకు చాలా చిన్న సంగతి అనిపిస్తుంది. ఒక సెల్‌ఫోను. అదీ చవకరకం. చదువుకునే పిల్ల మొదటిసారి కొనుక్కున్న ఫోను. నేనూ అలాగే అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను చాలాకాలం. ఫోనే కదా, ఎవరి కొంపా ముంచలేదు కదా అని. ముంచాను. మునిగిన మనిషికి ఆ సంగతి తెలియదు, అంతే.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. నాన్న తాపీమేస్త్రీ. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేసేది. తాతల నాటి నుంచీ మిషను చర్చి కుటుంబం. మేమిద్దరం ఆడపిల్లలం. అక్క టీచరు ట్రైనింగు పూర్తి చేసి, ప్రభుత్వ టీచరు ఉద్యోగం పరీక్షకి చదువుకుంటోంది. నేను ఇంటరు అయిపోయి శ్రీకాకుళంలో డిగ్రీలో చేరాను. హాస్టల్లో ఉండాలి.

అక్కకి పద్మ అని ట్రైనింగులో స్నేహితురాలు. ఆవిడ విజయనగరంలో కోచింగుకి వెళ్ళేది. మా అక్కకి కోచింగుకి వెళ్ళే వీలు లేదు. అందుకని పద్మ ఆ పాఠాల వీడియోలన్నీ ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి తెచ్చి ఇచ్చింది. అప్పట్లో నెట్టు ఇప్పటిలా చవక కాదు. పాఠాలు, పాటలు అన్నీ మెమరీ కార్డుల్లోనే చేతులు మారేవి. గోరంత కార్డు. పోతుందేమోనని అక్క దాన్ని చిన్న గుడ్డలో చుట్టి, చర్చికి తీసుకెళ్ళే పాటల పుస్తకం జిప్పు కవరులో దాచుకుంది. ఇంక కావలసింది ఆ కార్డు పెట్టుకోవడానికి ఒక ఫోను. ఇంట్లో ఉన్నది నాన్న దగ్గరి బటన్ల ఫోను ఒక్కటే.

నాకూ ఫోను కావాలి. హాస్టల్లో చేరబోయే పిల్లకి ఫోను ఉండాలని అమ్మ కూడా అంది. కానీ కొనగలిగేది ఒక్కటే. అది ముందే తేలిపోయింది.

ఆ వేసవి అంతా నేను ఫోన్ల గురించే మాట్లాడాను. చర్చి యూత్‌లో పెద్దవాళ్ళని అడిగాను. బస్సులో ఎవరి చేతిలోనైనా కొత్త ఫోను కనిపిస్తే మెడ సాచి చూసేదాన్ని. ర్యామ్, మెగాపిక్సెల్ అనే మాటలు అర్థం తెలియకుండానే కంఠతా పట్టాను. అక్క అడిగింది మాత్రం రెండే. కరెంటు పోయినా రోజంతా బ్యాటరీ నిలబడాలి. మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉండాలి.

చీపురుపల్లి షాపులో గాజు బల్ల మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టారు. ఒకటి నల్లది. లావుగా ఉంది, కార్డు పెట్టుకునే చోటు ఉంది. నాన్న చేత్తో ఎత్తి చూసి, ఇటుకని చూసినట్టు తిరగేసి, గట్టి సరుకే అన్నాడు. రెండోది నీలంది. పలచగా, వెనక అద్దంలా మెరుస్తూ. ముందు కెమెరా బాగా వస్తుందని షాపాయన నా మొహం తీసి చూపించాడు. నేనేనా అనిపించింది. ఎప్పుడూ అంత తెల్లగా లేను నేను. ధరలో పెద్ద తేడా లేదు. నీలందాన్ని చూపించి, "దీనికి కార్డు పెట్టుకోడానికి ఉండదమ్మా" అని ఆయన చెప్పాడు. నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. వినలేదని ఇన్నాళ్ళలో ఒకసారి నాకు నేనే అబద్ధం చెప్పుకోబోయాను గానీ కుదరలేదు.

నల్లది కొంటే పరీక్ష అయ్యేదాకా అక్క దగ్గర ఉంటుంది. ఆ తరవాత నాకు వస్తుంది. నీలంది కొంటే నాతో హాస్టలుకి వస్తుంది, దాంతో అక్కకి పనే లేదు. చూశారా, నేను ఆగాల్సింది ఒక్క పరీక్ష దాకానే. ఎవరికైనా అదొక పెద్ద కష్టమా?

ఆగలేకపోయాను. హాస్టల్లో మొదటిరోజే అందరి చేతుల్లో ఫోన్లు ఉంటాయని, నేనొక్కదాన్నే చేతులు ఊపుకుంటూ నిలబడతానని ఊహించుకుని ఏడిచాను. చదువుకోసమే అని అమ్మతో వాదించాను. అక్క కూడా తగ్గలేదు. మామూలుగా అన్నీ నాకు వదిలేసే మనిషి, ఆ ఒక్కదాని దగ్గర పట్టుపట్టింది. అది నాకు మరీ కోపం తెప్పించింది. ఎప్పుడూ ఇచ్చేవాళ్ళు ఒకసారి ఇవ్వనంటే మనకి అన్యాయం జరిగినట్టుంటుంది. కొనకుండానే ఇంటికి వచ్చేశాం.

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఏదైనా తేలకపోతే ప్రార్థన చేసి చీటీలు వేస్తాం. నాన్న కొత్త పని ఒప్పుకోవాలా వద్దా, అమ్మ ఆపరేషను ఇప్పుడా తరవాతా, అన్నీ అలాగే. కాగితం ముక్కల మీద రాసి, మడిచి, స్టీలు గ్లాసులో వేసి, మోకాళ్ళూని ప్రార్థన చేసి ఒకటి తీస్తాం. వచ్చింది దేవుని చిత్తం. ఇంక దాని మీద మాట ఉండదు. మిగిలిన చీటీ విప్పకూడదు. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టు. దాన్ని అలాగే పొయ్యిలో వేసేస్తాం.

ఈ చివరి అలవాటు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మేం మళ్ళీ మొదలెట్టేసరికి నాన్నకి విసుగొచ్చింది. "ఇద్దరూ ఇలాగ కొట్టుకుంతే నానేటి సెప్పగలను? సీటీలెయ్యండి. ఏది పడితే అది. మరింక నా సెవి కొరకొద్దు" అన్నాడు.

అక్క నోటుబుక్కులోంచి కాగితం చింపి నా చేతికిచ్చింది. "నువ్వు రాయే. నీ అచ్చరాలు బాగుంతాయి."

నా అక్షరాలు బాగుంటాయి. చర్చిలో కొత్త సంవత్సరం రోజు ఒక్కొక్కరికీ ఇచ్చే వాగ్దానం చీటీలు కూడా నేనే రాసేదాన్ని. చీటీ అంటే నేనే రాయాలి మా ఇంట్లో. గుమ్మం దగ్గర కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాను. మొదటిదాని మీద నీలం అని రాశాను. రెండోదాని మీద నలుపు అని రాయాలి. పెన్ను కాగితం మీద పెట్టాను. అప్పటికి నా బుర్రలో ఏ పన్నాగమూ లేదని చెప్పగలనా? చెప్పలేను. నీలం అని రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

రెండూ మడిచి గ్లాసులో వేశాను. అందరం మోకాళ్ళూనాం. నాన్న ప్రార్థన చేశాడు. నీ చిత్తం ఏదో నీ బిడ్డలకి చూపించు తండ్రీ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

తీయమని నాన్న అక్కకే చెప్పాడు. పెద్దది కదా. అక్క కళ్ళు మూసుకుని గ్లాసులో చెయ్యి పెట్టింది. రెండు చీటీల మధ్యా వేళ్ళు తచ్చాడాయి. ఒకటి పట్టుకుంది, వదిలేసింది, రెండోది తీసింది. ఆ ఎంచుకోవడం నేను చూశాను. ఇప్పటికీ నాకు కలలో వచ్చేది అదే. ఏది తీసినా ఒకటేనని నాకొక్కదానికే తెలుసు. ఆమె మాత్రం చాలా జాగ్రత్తగా, నిజంగా ఎవరో చెయ్యిపట్టి చూపిస్తారన్నట్టు వెతుక్కుంటోంది.

విప్పి చూసింది. మళ్ళీ మడిచేసింది. తరవాత నవ్వింది.

"ఒలమ్మ, నీదే పడినాది. నీకే ఇమ్మన్నాడు దేవుడు."

నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి.

"ఏటే, ఏడుస్తన్నావు?"

"సంతోసానికి" అన్నాను.

తన పమిట కొంగుతో నా మొహం తుడిచింది. మిగిలిన చీటీ తానే తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. విప్పలేదు. అనుమానించే మనిషి కాదు.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? నాన్న రెండు తగిలించేవాడు. అక్క రెండురోజులు మాట్లాడేది కాదు. అంతటితో పోయేది. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. అంత తక్కువలో తెగిపోయేదాన్ని ఎందుకు ఇంతదూరం లాక్కొచ్చాను? నాకు నేను వేసుకునే ప్రశ్నల్లో దీనికే జవాబు దొరకదు. చెబుదామనుకున్న ప్రతిసారీ, నిన్నటికంటే ఇవాళ చెప్పడం కష్టమయ్యేది.

ఫోను కొన్నాం. ఆ తరవాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అక్క లేచి నిలబడింది. అందరి ముందూ చెప్పింది. తాను తన ఇష్టం కోసం పట్టుపట్టానని, దేవుడు చీటీ ద్వారా తన గర్వం అణిచాడని, చెల్లెలికి మేలు చేశాడని. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకుని కొత్త ఫోను అంచు గోటితో గీకుతూ కూర్చున్నాను. దాని మీది పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా తియ్యలేదు.

ఇంతవరకే అయితే నేనిది రాసేదాన్ని కాదు. ఫోను పోతే పోయింది, పరీక్ష రాస్తుందిలే అనుకున్నాను. అక్క దరఖాస్తే పెట్టలేదు.

అమ్మ బతిమాలింది. పద్మ ఇంటికి వచ్చి కేకలేసింది. అక్క వినలేదు. నేను దసరా సెలవులకి వచ్చినప్పుడు తెలిసింది. ఫోనుకీ పరీక్షకీ ఏమిటి సంబంధం అని అరిచాను. అక్క బట్టలు మడతపెడుతూ చాలా మామూలుగా చెప్పింది. కార్డు పెట్టే ఫోను నాకొద్దని దేవుడు సెప్పీసినాడంటే, ఆ పాఠాలు నాకొద్దని కాదేటి? ఈ తోవ నాది కాదని కాదేటి? నా కోసం ఇంకోటేదో ఉంచినాడు.

నేను దొంగతనం చేసింది ఫోనుని అనుకున్నాను అంతవరకూ. ఆ రోజు అర్థమైంది. అక్క తన దేవుడి మాట కోసం చెవి ఒగ్గి కూర్చుంటే, మధ్యలో దూరి నేను మాట్లాడాను. ఆయన గొంతుతో. ఆమె నమ్మింది. నమ్మి జీవితాన్ని అటు తిప్పుకుంది.

అప్పుడైనా చెప్పొచ్చు. దరఖాస్తుకి గడువు అయిపోయిందని విన్నాక, లోపల ఎక్కడో ఒక మూల, హమ్మయ్య ఇంక చెప్పినా ఉపయోగం లేదు అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను. అయినా చెప్పలేదు.

అక్క కోసం ఉంచినదేదో చివరికి మందుల కంపెనీలో ప్యాకింగు పని. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతుంది. రోజంతా నిలబడే ఉండాలి. పెళ్ళయింది, బావ మంచివాడే, ఒక కొడుకు. కాళ్ళ నరాలు ఉబ్బి నీలంగా తేలాయి. వాటిని చూపించి ఎప్పుడూ ఏమీ అనదు. సండే స్కూలులో పిల్లలకి పాఠం చెబుతుంది. అప్పుడు చూడాలి ఆమెని. అల్లరి చేసే పిల్లాడు కూడా నోరు తెరుచుకుని వింటాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని చూడలేక బయటికి వచ్చేస్తాను.

నా సంగతంటారా? నాకు శ్రీకాకుళంలో ఆఫీసు ఉద్యోగం. కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది. ఆ నీలం ఫోను డిగ్రీ అయ్యేలోపే చెడిపోయింది. చాలా ఏళ్ళు అలమరాలో ఉంచాను. చూడలేను, పారెయ్యలేను. చివరికి వీధిలో పాత సెల్‌ఫోన్లకి ప్లాస్టిక్ సామాన్లు ఇస్తామని మైకులో అరుచుకుంటూ వచ్చినవాడికి ఇచ్చేశాను. ఒక టబ్బు ఇచ్చాడు. ఆ టబ్బులోనే ఇప్పటికీ బట్టలు నానబెడుతున్నాను. ఎందుకో చెప్పలేను గానీ, పగిలిపోతే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను. గట్టి టబ్బు.

ఈమధ్య టీచరు పోస్టులు మళ్ళీ పడ్డాయి. పద్మ ఎప్పుడో టీచరైపోయింది. అక్కకి తనే ఫోను చేసి, ఇంకా వయసుంది, ఈసారైనా రాయవే అని చంపుకుతిందట. అక్క మనసు కదిలింది. అంత కాలం తరవాత కదిలింది. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "సీటీలేద్దామే. నువ్వు రాయి" అంది.

ఆ మాటకి నా పరిస్థితి ఊహించండి.

వంటింట్లోకి వెళ్ళి కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాను. రెండింటి మీదా 'రాయి' అని రాసేస్తే? ఒకసారి దొంగిలించింది తిరిగి ఇచ్చేసినట్టవుతుంది. ఎంత తేలిక. లేదా బయటికి వెళ్ళి, అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, ఉన్నదంతా చెప్పెయ్యడం. అదొక్కటే చెయ్యాల్సిన పని అని నాకు తెలుసు. తెలిసి కూడా నేను మూడోది చేశాను. ఈసారి మోసం చెయ్యను అనుకున్నాను. ఒకదాని మీద రాయి అని, ఒకదాని మీద వద్దు అని నిజాయితీగా రాశాను. రాస్తూ నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. నవ్వొస్తోందా? నాకిప్పుడు ఏడుపొస్తోంది.

అక్క ప్రార్థన చేసింది. పక్కన పెట్టిన పాటల పుస్తకం జిప్పు కవరులో ఆ చిన్న గుడ్డ మూట కనిపించింది. ఇంకా అలాగే ఉంది. ఇప్పుడా పాఠాలు ఎందుకూ పనికిరావు. చూసీ చూడనట్టు కళ్ళు మూసుకున్నాను.

అక్క గ్లాసులో చెయ్యి పెట్టింది. అదే తచ్చాడడం. ఒకటి పట్టుకుని, వదిలేసి, రెండోది తీసింది.

వద్దు.

"సూసినావా" అంది అక్క. మొహంలో బాధ లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉంది. "ఆయన ఒకసారి సెప్పిన మాట మరి మార్సడు. పద్మే పిచ్చిది. నాను ఊరికే ఆశపడినాను."

నోరు తెరిచాను. అక్కా అన్నాను. ఏటి అంది. టీ పెట్టనా అన్నాను.

టీ తాగింది. నాకు చిక్కుడుకాయలు ఒలిచి ఇచ్చింది. ఇక్కడ కట్టెల పొయ్యి లేదు కదా, గ్యాసే. అందుకని మిగిలిన చీటీ చెత్తబుట్టలో వేసి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక నేను దాన్ని తీసి విప్పాను. మా ఇంట్లో మిగిలిన చీటీ విప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. 'రాయి' అని ఉంది. ఉండకేం, నేనే రాశాను కదా.

అప్పటి నుంచీ ఒకటే ఆలోచన. నిజం నోటితో చెప్పాల్సిన చోట నేను నిజాయితీగా చీటీలు రాశాను. ఆ రెండు చీటీలూ సరైనవే. కానీ వాటిలో ఒకటి తీసిన చెయ్యి ఎప్పుడో నేను పాడుచేసిన చెయ్యి. మొదటిది అబద్ధమని తెలిసుంటే అక్క చీటీ కోసం వచ్చేదే కాదు, ఏనాడో పరీక్ష రాసేసేది. నా అబద్ధానికి ఇప్పుడు నిజమైన చీటీ వచ్చి ముద్ర వేసింది. దీన్ని దేవుడు నాకు వేసిన శిక్ష అనుకోవాలా? అనుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది. మళ్ళీ ఆయన మీదికి తోసెయ్యడమే అవుతుంది కూడా. ఆయన్ని వాడుకోవడం ఇంక చాలు.

దరఖాస్తుకి ఇంకా గడువుంది. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇదివరకటిలా గడువు దాటిపోతే బాగుండునని లోపలి మూల మళ్ళీ అంటోంది. నాకు వినిపిస్తోంది. చెబితే అక్క నన్ను క్షమిస్తుందా అని కాదు నా భయం. క్షమించేస్తుంది. వెంటనే క్షమించేస్తుంది, అలాంటిది. కానీ ఆ తరవాత తెల్లవారకముందే కంపెనీ బస్సులో కూర్చుని, ఇన్నేళ్ళూ దేనికోసం నిలబడ్డానా అని ఆలోచించుకుంటుంది కదా. ఆ ఆలోచన ఆమెకి ఇచ్చే హక్కు నాకుందా? ఇవ్వకుండా దాచే హక్కు మాత్రం ఉందా?

ఇది రాస్తూ రాస్తూ ఇందాక ఆపి, తలుపు వేసి, ఖాళీ గదిలో ఆ మాట పైకి అని చూశాను. ఇన్నేళ్ళలో నా నోరు ఆ మాట పలకడం అదే మొదటిసారి. మొదట అక్కా అని ఆపేశాను. రెండోసారి వచ్చింది. చాలా చిన్న మాట. ఇంత చిన్నదాన్నా ఇన్నాళ్ళు మోశాను అనిపించింది. ఎదురుగా ఫోను ఉంది. అక్క పేరు తెర మీద ఉంది. ఇంకా నొక్కలేదు. నొక్కుతానని మీకు మాట ఇవ్వలేను, నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. పైకి అన్నది మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

అక్కా, అది దేవుడు సెప్పిన మాట కాదు. నువ్వు పొయ్యిలో ఏసిన సీటీ మీద కూడా నీలమనే ఉన్నాది. నానే రాసినాను.